దిండు కింది బైబిలు

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయినీ, దాని చేతుల్లో గుడ్డల్లో చుట్టి ఉన్న చంటిదాన్నీ దవాఖాన నుంచి ఎల్బీనగర్‌లోని మా ఫ్లాటుకు తీసుకొచ్చుకున్నాం. తొలికాన్పు పుట్టింట్లోనే అన్న పట్టు మావాళ్లలో ఇంకా పోలేదు. ఉయ్యాలలో మెత్తని పాత చీర పరిచి, ఆవాల దిండు సర్ది పిల్లను పడుకోబెట్టబోతుంటే, అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపి, నానమ్మ బైబిలు ఎక్కడుందని అడిగింది. చంటిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడకుండా దిండు కింద బైబిలు పెట్టడం మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అలా పెట్టమని ఎక్కడా రాసిలేదని చర్చిలో అయ్యగార్లు చెబుతూనే ఉంటారు, అమ్మమ్మలు పెడుతూనే ఉంటారు.

బీరువా పై అరలోంచి దాన్ని దించాను. నల్ల అట్ట మధ్యలో పల్లెంలా కాస్త గుంటపడి ఉంటుంది, మీద ఎంత బరువు పెట్టినా చదును కాదు. ముందు పేజీల అంచున అరచెయ్యంత ఆముదం మరక, అప్పట్లో మా అమ్మాయి తలనూనె దిండులోంచి దిగింది. పసిపిల్ల తలకే అట్ట వంగుతుందా అని మీరు నవ్వవచ్చు గానీ, ఆవాల దిండు బరువు, ఒక వానాకాలం చెమ్మ, మా అత్తమ్మ మొండితనం మూడూ కలిస్తే ఇనుమైనా వంగుతుంది. ఆ గుంటలో అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాను. కిటికీ అవతల మెట్రో రైలు వెళ్లిన చప్పుడు వినిపించింది కానీ, నేను అప్పటికే దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి ఇంటి వాకిట్లో ఉన్నాను.

అక్కడికి రాకముందు మాది నల్గొండ దిక్కున చిన్న పల్లె. మా నాయిన కూలికి పోయేముందు, తెల్లవారుతుండగా కందిలి దగ్గర కూర్చుని గట్టిగా ఒక అధ్యాయం చదివేవాడు. వాక్యం కాందే ఎవరూ ముద్ద ముట్టకూడదు. ఆకలి మీద ఉండే మాకు ఏ రోజు ఏ అధ్యాయం వస్తుందన్నది పెద్ద విషయం. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అంటూ పేర్లు వరుసగా వచ్చే రోజున చెల్లెలూ నేనూ ఏడుపుముఖాలు పెట్టేవాళ్లం, పొట్టి కీర్తన వస్తే పండగే. ఎవరైనా ఊరికి బయలుదేరితే మాత్రం వరుస పక్కన పెట్టి ఒకే కీర్తన చదివేవాడు. పెళ్లయి నేను బయలుదేరిన పొద్దున కూడా అదే చదివాడు, మధ్యలో గొంతు పూడుకుపోతే దగ్గి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. నా బైబిలు చెల్లెలికి వదిలేసి వచ్చాను. పోయే ఇంట్లో ఒకటి ఉంది కదా, రెండెందుకన్నారు పెద్దలు, నిజమే అనుకున్నాను.

ఉన్నమాట నిజమే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక సందులో, పెద్ద ఇంటికి అతుక్కున్నట్టున్న రెండు గదుల్లో, అత్తమ్మ రేకు సందుకలో తువ్వాలు చుట్టి భద్రంగా ఉంది. అది మామది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అత్తమ్మకు చదువు రాదు. మా ఆయనకు వచ్చు కానీ, పండ్ల మార్కెట్‌లో లారీలు దింపించే పని, ఇంకా చీకటి ఉండగానే వెళ్లి, బత్తాయిల వాసనతో తిరిగొచ్చి అన్నం తిని పడుకునేవాడు, పాపం ఆయన్నేమనగలం. నేను సాయంత్రాలు అడిగి తీసుకుని, కొత్త కోడలిని కదా, పెదవి కూడా కదలకుండా లోలోపలే చదువుకుని మళ్లీ తువ్వాల్లో చుట్టి ఇచ్చేసేదాన్ని. ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని అత్తమ్మ నన్నే చూస్తుండేది. పుస్తకం నలిగిపోతుందేమోనని చూస్తోందనుకునేదాన్ని.

కాన్పుకు పుట్టింటికి వెళ్లి మూడో నెలలో పిల్లతో తిరిగొచ్చానో లేదో, ఆవిడ సందుక తెరిచి బైబిలు తీసి పిల్ల దిండు కింద పెట్టేసింది. ఇక అది అక్కడినుంచి కదలడానికి లేదు. పక్క దులిపినా ఆవిడే దులిపేది. రెండు రోజులు చూసి, చదువుకోవడానికి ఒకసారి తీసుకోవచ్చా అని అడిగితే, ముఖం తిప్పుకుని ఆ మాట ఒకే ఒక్కసారి చెప్పింది. మా ఆయన కంటే ముందు ఆవిడకొక పాప పుట్టిందట. ఒకరోజు పొద్దున మామ చదువుకుందామని దిండు కిందినుంచి బైబిలు తీసుకుని అరుగు మీదికి వెళ్లాడట, ఆ పూటే పిల్లకు ఫిట్స్ వచ్చి, దవాఖానకు చేరేలోపే పోయిందట. "గా బైబిలు తియ్యకుంటె నా బిడ్డ బతుకుతుండె" అంది అత్తమ్మ. అది పొరపాటు నమ్మకమని నాకు తెలుసు, కానీ కడుపుకోతతో వాదించడానికి ఎవరికి నోరొస్తుంది?

ఇంకొకటి కొనుక్కోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఇంట్లో ఒకటి ఉండగా రెండోది తేవడమంటే, అత్తమ్మతో మాట అనకుండానే పోట్లాట పెట్టుకున్నట్టు. అందుకని ఊరుకున్నాను. మొదట్లో ఏమీ తెలియలేదు. సందు చివర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని, పొద్దున మొదటి బ్యాచికే వెళ్లాలి. నల్లా వచ్చే రోజున బిందెలు, ఆ తర్వాత పొయ్యి, పిల్లకు పాలు, ఆ పైన పరుగు. ఆ మిషన్ల టకటకల మధ్య నిలబడి నాయిన కీర్తన మనసులో చెప్పుకోబోతే ఒకచోట తెగిపోయేది. ముందరి మాట వచ్చేది, వెనకది వచ్చేది, మధ్యలో ఒక వాక్యం ఎక్కడ జారిపోయిందో దొరికేది కాదు. రోజంతా దానికోసమే వెతుక్కునేదాన్ని, పంటిలో ఇరుక్కున్న పీచుకోసం నాలుక వెతికినట్టు. రాను రాను ఆ ఒక్క వాక్యమే కాదు, నేనే ఎక్కడో జారిపోతున్నట్టు అనిపించేది. పిల్ల ఏడిస్తే విసుగు, మా ఆయన పిలిస్తే విసుగు. పుస్తకం జానెడు దూరంలో, నా బిడ్డ తల కిందే ఉంది, అయినా సముద్రం అవతల ఉన్నట్టే ఉండేది.

మాకు గదులు కిరాయికిచ్చిన ఇంటావిడ కోస్తావారు, పొద్దున్నే తలస్నానం చేసి పారాయణం పూర్తయితే తప్ప కాఫీ ముట్టని మనిషి. పిల్లను చూడ్డానికి వచ్చి, దిండు కిందినుంచి తొంగిచూస్తున్న నల్ల అట్ట చూసి, "ఇదేంటమ్మా, మీ పుస్తకం కూడా పాపతోపాటు పడుకుంటోందా? మరి నువ్వెప్పుడు చదువుకుంటావు?" అని నవ్వుతూనే అడిగారు. నేనూ నవ్వేశాను. ఆవిడ వెళ్లాక మాత్రం గిన్నెలు తోముతూ ఏడ్చాను. మా మతం కాని మనిషికి కనిపించిన లోటు మా ఇంట్లో ఎవరికీ కనిపించలేదే అనిపించింది. అది నా తొందరపాటని తర్వాత తెలిసింది.

వానాకాలం చివర్లో పిల్లకు జ్వరం తగిలింది. ముందురోజు సాయంత్రం దవాఖానలో చూపించి మందు వేయించాం, తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది కానీ ఏడుపు ఆగలేదు. మా ఆయన మార్కెట్‌కు వెళ్లిపోయాడు. నేను పిల్లను ఒళ్లో వేసుకుని ఊపుతున్నాను, పక్కన అత్తమ్మ తడిగుడ్డ పిండుతోంది. పిండిన గుడ్డనే మళ్లీ పిండుతోంది. ఆవిడ కళ్లముందు ఉన్నది నా పిల్ల కాదు, ఎప్పుడో పోయిన తన పిల్ల. నాకు తెలియకుండానే నాయిన కీర్తన నోటికొచ్చింది, ఎప్పటిలాగే మధ్యలో తెగింది. ఇక నావల్ల కాలేదు. చెయ్యి చాపి దిండు కిందినుంచి బైబిలు లాగేశాను.

అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆ క్షణాన అంత మాట నాకెలా తోచిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. పిల్ల దిండు మీద లేదు అత్తమ్మా, నా ఒళ్లో ఉంది, పుస్తకం కూడా నా ఒళ్లోనే ఉంటుంది, ఎటూ పోదు అన్నాను. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ ఇంట్లో మొదటిసారి గొంతెత్తి చదివాను, నాయిన చదివినట్టు, ఒక్కో మాట విడదీసి. నాకు దొరకని వాక్యం అక్కడే ఉంది, ఎన్నాళ్లనుంచో నాకోసం కూర్చున్నట్టుగా. మనల్ని కాచేవాడికి కునుకు పట్టదు, ఆయన నిద్రపోడు అన్న మాట అది. అక్కడ నా గొంతు కూడా పూడుకుపోయింది, నాయినలాగే దగ్గి మళ్లీ చదివాను.

"ఏమన్నవ్? మల్లొక్కపారి చదువు" అంది అత్తమ్మ.

మళ్లీ చదివాను. అప్పుడే వాకిట్లో నల్లా వచ్చింది. నీళ్లొచ్చాయమ్మా, బిందెలు పెట్టుకోరా అని ఇంటావిడ కేకేశారు. నల్లా రోజున పెళ్లిపిలుపు వచ్చినా వాకిలి వదిలి కదలని మా అత్తమ్మ ఆ కేక విననట్టే కూర్చుంది. పిల్ల వెక్కుతూ వెక్కుతూ నా గొంతుకు అలవాటుపడి కళ్లు మూసింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని మెల్లగా అంది: "మీ మామ పోయినంక గీ ఇంట్ల వాక్యం ఇనుడు ఇదే బిడ్డా. నువ్వు లోపల్లోపల చదువుకుంటుంటె ఎదురుంగ కూసుంటుంటి, ఒక్క ముక్కన్న ఇనపడ్తదేమో అని." మళ్లీ, తనలో తాను అనుకున్నట్టు, "గాయన నిద్రపోడంటున్నవ్ గద, మరి నేనెందుకు గిన్నేండ్లసంది నిద్రపోక సస్తున్న?" అంది. ఆ పూట మాకు సగం బిందె నీళ్లే దొరికాయి, మిగతావి ఇంటావిడ దగ్గర అరువు తెచ్చుకున్నాం.

మర్నాటినుంచి ఇంటి పద్ధతే మారిపోయింది. పొయ్యి, గిన్నెలు అన్నీ తర్వాత, నాకు ముందు వాక్యం. నల్లా రోజున నీళ్లు ఆవిడే పట్టేది. బిందెలో నీళ్లు పడే చప్పుడుకు నా గొంతు వినపడదని, పాత పంచె ముక్క ఒకటి నల్లాకు కట్టి కొస బిందె అడుగుదాకా వదిలేది, నీళ్లు ఆ గుడ్డ వెంబడి చడీచప్పుడు లేకుండా జారేవి. కిటికీ పక్కన బిందె ముందు కూర్చుని వినేది. కాస్త తగ్గించి చదివితే బయటినుంచి "ఇనపడ్తలే, జర గట్టిగ" అని కేక. బ్యాచికి ఆలస్యమవుతుందని గబగబా కానిచ్చిన రోజున నా చెప్పులు కనిపించకుండా పోయేవి, నింపాదిగా మళ్లీ చదివితే అవే దొరికేవి. కొన్నాళ్లకు ఇంటావిడ కూడా తమ నల్లాకు గుడ్డ కట్టుకున్నారు, ఆవిడ పారాయణం ఆవిడకు వినపడాలి కదా. రెండు పుస్తకాల మాటలు ఒకే వాకిట్లో, తెల్లవారుజాము మసక వెలుతురులో, చప్పుడు లేని నీళ్ల మీదుగా సాగిపోయేవి. ఇప్పుడు తలుచుకుంటే అది నిజంగా జరిగిందా, కలగన్నానా అనిపిస్తుంది.

చదవడం కాగానే అత్తమ్మ బైబిలు తీసుకుని మళ్లీ దిండు కిందే పెట్టేది, ఆ అలవాటు మాత్రం మానలేదు. ఆయన నిద్రపోడన్నావు కదా అని నేను ఆటపట్టిస్తే, ఆయన సంగతి ఆయనది, నా సంగతి నాది అనేది. అయితే మధ్యాహ్నాలు పిల్ల పక్కన పడుకుని గురక పెట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆవిడ గురక మేమెవరమూ వినలేదు.

అత్తమ్మ కన్నుమూసి చాలాకాలమైంది. మార్కెట్ ఊరవతలికి పోయింది, ఆ వాకిలి ఉన్నచోట ఇప్పుడు కోచింగ్ సెంటరు లేచింది. మా ఫ్లాటులో నీళ్లు ఎప్పుడు తిప్పితే అప్పుడే వస్తాయి, ఎవరూ ఎవరికోసమూ పట్టాల్సిన పనిలేదు. బైబిలు ప్రతివాళ్ల ఫోనులోనూ ఉంది, దిండు కింద పెట్టిన పుస్తకం ఎవరికీ అడ్డం కాదు. మా అమ్మాయి చెవుల్లో అవేవో పెట్టుకుని రోజూ వింటానంటుంది, వింటుందనే నమ్ముతాను, మంచి పిల్ల. కానీ అది ఏ వాక్యం దగ్గర ఆగిందో, ఏ మాటకు దాని గొంతు పూడుకుపోయిందో నాకు తెలియదు, నాది దానికి తెలియదు. ఒకరు చదువుకోవాలని ఇంకొకరు చేతిపని అందుకోవడం, ఒకరు వినాలని ఇంకొకరు గొంతెత్తడం, ఆ అవసరం పోయిందని సంతోషించాలో దిగులుపడాలో తెలియడం లేదు.

ఈ పొద్దున మనవరాలు లేచి కదులుతుంటే ఒళ్లోకి తీసుకున్నాను. దిండు కిందినుంచి బైబిలు కూడా తీశాను. మంచం మీద మా అమ్మాయి చెవుల్లో అవి పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. నాయిన కీర్తన తీసి మొదలుపెట్టబోయి, అలవాటు చొప్పున ఆగాను, కిటికీ దిక్కు చూశాను. ఇది నాలుగో అంతస్తు, అక్కడ బిందె ముందు ఎవరు కూర్చుంటారు? అయినా కాసేపు ఎదురుచూశాను.

ఎవరూ గట్టిగా చదవమనలేదు. గట్టిగానే చదివాను.