ఏడో పేరు

సైన్యం వాళ్ళు మనిషిని ఎంచే పద్ధతి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ముందు కంప్యూటర్ మీద పరీక్ష. తర్వాత పదహారు వందల మీటర్ల పరుగు, తొమ్మిదడుగుల గుంట దూకడం. ఆపైన డాక్టర్లు పళ్ళు కూడా లెక్కపెడతారు. ఇన్ని జల్లెడలు పట్టాక, ఈ మనిషి మీద కేసుల్లేవని పోలీసు స్టేషన్ నుంచి ఒక కాగితం రావాలి. మా పల్నాడులో ఆ కాగితాన్ని ఎవరెవరు చెడగొట్టగలరో వాళ్ళకేం తెలుసు!

మా ఊళ్ళో రెండు వర్గాలు. కోటప్పకొండ తిరునాళ్ళకి ఎత్తుగా కట్టి ఊరేగించే ప్రభ ఏ బజారున కదలాలన్న దాని మీద ఒక సంవత్సరం కర్రలు లేచాయి. రిటైరైన మాస్టర్ని కాబట్టి మా వర్గం ఫిర్యాదు నేనే రాశాను. కొట్టినవాళ్ళు ఆరుగురు. మా వర్గం పెద్దాయన వంగి చూసి, "ఆళ్ళ పిల్లోడొకడు మిలట్రీకి తయారవుతున్నాడంట గదా. ఆడి పేరు గూడా పెట్టు మాస్టారూ," అన్నాడు.

ఎదుటివాళ్ళ ఇంట్లో ఉద్యోగానికి దగ్గరపడ్డవాణ్ణి కేసులో ఇరికించడం మా వైపు పాత అలవాటే. ఆ కుర్రాడు నా దగ్గర ఐదేళ్ళు చదివాడు. గొడవ జరిగినప్పుడు గురజాల గ్రౌండులో పరుగు తీస్తున్నాడనీ నాకు తెలుసు. అయినా రాశాను. పెద్దాయన మాట కాదనే దమ్ము లేకపోయింది, అంతే.

మరుసటి ఏడు అతను పరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ గెలిచి ఆ పోలీసు కాగితం దగ్గర ఆగిపోయాడు. ఒక మధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడి, "సార్, ఆ గొడవలో నేను లేనని ఒక అర్జీ రాసియ్యాల," అన్నాడు.

నీ పేరు ఎక్కించింది నేనేరా అని చెప్పేశాను. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"తెలుసు సార్. స్టేషన్లో ఫిర్యాదు కాగితం చూపించారు. నాకు అక్షరాలు దిద్దించింది మీరే గదా, మీ రాత గుర్తుపట్టనా? అందుకే ఇంకెవురి దగ్గరికీ పోలా. సైన్యం వాళ్ళకి కాగితం ఇయ్యటానికి ఎల్లుండే ఆఖరు. ఏడుపు తర్వాత, ముందు రాయండి."

తెలిసే అబద్ధం రాశానని రాసి, నేనే వెళ్ళి స్టేషన్లో ఇచ్చాను. కేసు కోర్టుకెక్కింది, ఇక చెప్పాల్సింది జడ్జిగారికే అన్నారు. వాయిదా మీద వాయిదా పడి, చివరికి బోనెక్కి చెప్పాను. అతని మీద కేసు కొట్టేశారు. అప్పటికి అతనికి సైన్యంలో చేరే వయసు దాటి మూడు నెలలు.

కోర్టు మెట్లు దిగుతుంటే నా చెయ్యి పట్టుకుని, "నిదానం సార్, జారుద్ది," అన్నాడు. అలాంటి మనిషిని సైన్యానికి దక్కకుండా చేసింది నేను.