మాట కోసం ఆగిన ఎస్తేరు

అది 2022 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, కళ్లజోళ్ల దుకాణం పైన, నా క్లినిక్ అప్పటికే చాలా ఏళ్లుగా నడుస్తోంది. రెండు గదులు. లోపలి గదిలో నేను, బయటి గదిలో పేషెంట్లు. ఎదురు బిల్డింగు నిండా కోచింగ్ సెంటర్లే. ఒకచోట అరిథ్‌మెటిక్ మైకులో చెప్తుంటే, దానికి పోటీగా పై అంతస్తులో ఇంగ్లిష్ గ్రామర్ మైకులో చెప్తారు. ఆ గోలలో కూర్చుని మాట రానివాళ్లకు మాట నేర్పడం నా పని. కిరాయి తక్కువని ఎక్కినదాన్ని, ఇక దిగలేదు.

నేను స్పీచ్ థెరపిస్టును. ఈ మాట అనగానే చాలామంది, ఓ, పిల్లలకు నత్తి పోగొడతారు కదా అంటారు. అదీ చేస్తాం. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లు, గొంతు ఆపరేషన్ అయినవాళ్లు, అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్న లెక్చరర్లు కూడా మా దగ్గరికే వస్తారు. ఈ ఏరియాలో లెక్చరర్లకు కొదవ లేదు, అందుకని నాకూ పనికి కొదవ లేదు. కానీ ఇన్నేళ్లలో నా మనసులో నిలిచిపోయిన పేషెంటు లెక్చరర్ కాదు. ఎల్బీనగర్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేసే ఎస్తేరు.

ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త డేవిడ్ ఎలక్ట్రీషియన్. ఇబ్రహీంపట్నం అవతలి పల్లె నుంచి వచ్చి కొత్తపేటలో కిరాయికి ఉంటున్నారు. కూతురు ఇంటర్ చదువుతోంది. మొదటి రోజు ఇద్దరూ కలిసి వచ్చారు, నేను ఎస్తేరును ఏది అడిగినా డేవిడే జవాబు చెప్పాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ గాలి తప్ప శబ్దం రావడం లేదు. ఒకరోజు పొద్దున్నే హెడ్‌సెట్ పెట్టుకుని "హలో సార్" అనబోతే గొంతు పలకలేదట. జలుబు అనుకున్నారు. తగ్గలేదు. ఇ.ఎన్.టి. డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి చూసి, అంతా బాగానే ఉందని రాసిచ్చాడు. ఆ బాగానే ఉందన్న మాటే ఆమె కొంప ముంచింది. ఆఫీసులో నాటకం ఆడుతోందన్నారు. ఇంట్లో అత్తగారూ అదే అన్నది.

"మీరన్నా చెప్పుండ్రి మేడం, గిది నిజంగ రోగమేనా?" అని డేవిడ్ అడిగాడు.

నేను ఎస్తేరును దగ్గమన్నాను. దగ్గింది. దగ్గు ఖంగుమని మోగింది. డేవిడ్ ఉలిక్కిపడి భార్య వైపు అనుమానంగా చూశాడు. ఆ చూపుకి నాకు ఒళ్లు మండింది. దీన్ని మా భాషలో ఫంక్షనల్ అఫోనియా అంటారు. గొంతులోని తంత్రులు ఆరోగ్యంగానే ఉంటాయి. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు దగ్గరికొచ్చి మోగుతాయి. మాట్లాడబోయేసరికి మాత్రం బిగుసుకుపోయి కలవవు. మనిషి కావాలని చేసే పని కాదిది. కాలు చచ్చుబడటం ఎంత నిజమో ఇదీ అంతే నిజమని డేవిడ్‌కు కొంచెం గట్టిగానే చెప్పాను. పాపం, అతను తల దించుకున్నాడు.

చికిత్స కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలంతే. దగ్గు చివర చిన్న మూలుగు పట్టుకోవాలి. ఆ మూలుగును సాగదీసి, నోరు మూసుకుని "మ్" అనిపించాలి. అందులోంచి "అమ్మ" రావాలి. రెండో వారంలో ఎస్తేరు గొంతెత్తి "అమ్మ" అన్నది. అని, మొహం చున్నీలో దాచుకుని ఏడ్చింది. ఇన్నేళ్ల అనుభవమున్నా ఆ క్షణంలో నాకూ కళ్లు తడిశాయి. అయితే ఆ సంతోషం నిలవలేదు. ఆఫీసుకు వెళ్లి హెడ్‌సెట్ పెట్టుకున్న రోజే గొంతు మళ్లీ పోయింది. మళ్లీ నా దగ్గరికొస్తే వచ్చింది. మళ్లీ వెళితే పోయింది. ఆఫీసువాళ్లు నెలాఖరు దాకా చూస్తామన్నారు. డేవిడ్‌కు పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. ఇంటి కిరాయి, పిల్ల కాలేజీ ఆమె జీతం మీదే నడుస్తున్నాయి. ఆమె గొంతు రాకపోతే ఆ ఇల్లు నడవదు.

అప్పుడు ఆమె పని ఎలా ఉంటుందో అడిగాను. గుసగుసగా చెప్పుకొచ్చింది. తుర్కయంజాల్ వైపు ప్లాట్లు, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ప్లాట్లు, పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఫోన్లు. అవతలివాళ్లు తిడతారు, మధ్యలోనే పెట్టేస్తారు. తిట్ల సంగతి ఆమె లెక్క చేయలేదు. ఆమెను పీడించింది డెడ్ ఎయిర్. ఫోన్లో ఎవరూ మాట్లాడకుండా గడిచే ఖాళీని వాళ్లు అలా అంటారు. ఖాళీ వచ్చిందంటే టీమ్ లీడర్ వెనక నుంచి వచ్చి కుర్చీ తడతాడు. ఖాళీ రాకుండా చూడటంలో ఎస్తేరు ఆ ఫ్లోర్ మొత్తంలో మొదటి మనిషి. బహుమతిగా ఒక మిక్సీ కూడా ఇచ్చారు. ఇంట్లో పచ్చళ్లన్నీ దాంట్లోనే రుబ్బుతానని చెప్పి నవ్వింది. ఆ నవ్వుకు మాత్రం శబ్దం ఉంది.

తర్వాత మళ్లీ గుసగుసగా అన్నది: "అవతలోళ్లు ఆలోచన చేస్తుంటరు మేడం. గా టైంల మనం మాట్లాడాలె, ఆలోచించనియ్యొద్దు. గదే నా పని."

ఉద్యోగం మారాలని అందరూ చెప్పారామెకు. ఏ పని అనే దగ్గర కూడా అందరిదీ ఒకటే మాట, పాటలు. ఎస్తేరు చర్చిలో బాగా పాడేది. చర్చిలో పెద్దలు, పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెట్టు, పిల్లలకు నేర్పు, ఇష్టమైన పనే కదా అన్నారు. ఆమె ఆశపడింది. ఒక ఆదివారం ఫోన్ ఎదురుగా నిలబెట్టి పాడబోయింది. రెండు చరణాలు కాకుండానే గొంతు బిగుసుకుపోయింది. పాటంటే ఇష్టమే గానీ, దాంతో బతకాలె అనుకునేసరికి అదీ హెడ్‌సెట్ లాగే అనిపించిందని నాతో చెప్పింది. ఆ రోజు ఆమె మొహం చూస్తే నాకు భయం వేసింది. చివరి తలుపు కూడా మూసుకుపోయినట్టు కూర్చుంది.

అదే రోజుల్లో నా దగ్గరికి సుబ్బారావు గారు వచ్చేవారు. తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో స్టీలు సామాన్ల కొట్టు పెట్టి, వయసంతా అక్కడే గడిపిన మనిషి. గిన్నెలు కొన్నవాళ్లకు వాటి మీద పేర్లు చెక్కి ఇచ్చేవారు. కరెంటు పెన్ను పట్టుకుంటే ఆయన అక్షరాలు ముత్యాల్లా వచ్చేవట. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాటా పోయింది. ఈ రకాన్ని అఫేజియా అంటాం. చెప్పాలనుకున్నది లోపల స్పష్టంగానే ఉంటుంది, దానికి తగిన మాటే దొరకదు. అటువంటివాళ్లను ఇంట్లో రోజూ వాడే వస్తువులు తెమ్మంటాను. ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు ఒక సంచీ నిండా గిన్నెలు, గరిటెలు మోసుకొచ్చేది. అన్నిటి మీదా ఆయన చెక్కిన ఆమె పేరే.

"నా పేరు గిన్నెలన్నిటి మీదా చెక్కారండీ, నోటితో మాత్రం ఒక్కసారీ పిలిచింది లేదు. ఎప్పుడూ ఇదిగో, ఏమేవ్, అంతే" అని ఆమె మొదటి రోజే నాకు ఫిర్యాదు చేసింది.

ఆమెతో నాకు రోజూ గొడవే. ఆయన "గ..." అనేలోపు ఆమె "గరిటె" అని అందించేస్తుంది. అలా అందించవద్దని, ఎంతసేపైనా ఆగాలని, ఆగితేనే మాట దొరికే దారి మళ్లీ తెరుచుకుంటుందని ఎన్నిసార్లు చెప్పానో. మా పనిలో దీన్ని వెయిట్ టైం అంటారు. చెప్పడం తేలికే. ఎదుటి మనిషి ఒక్క మాట కోసం తన్నుకులాడుతుంటే, ఆ మాట మన నోట్లోనే ఉంచుకుని చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆమె ప్రేమతోనే అందించేది. ఆ ప్రేమే ఆయనకు అడ్డం పడుతోంది.

ఒక సాయంత్రం లోపల ఒక పేషెంటుతో ఆలస్యమైంది. అన్నపూర్ణమ్మ గారు మాత్రల కోసం కిందికి దిగింది. బయటి గదిలో సుబ్బారావు గారు, ఎస్తేరు మిగిలారు. సగం తెరిచిన తలుపులోంచి నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. ఆయన సంచీలో ఎడమ చెయ్యి పెట్టి చెంబు తీశారు. ఎస్తేరుకు చూపించి "చె..." అన్నారు. ఆగిపోయారు. మళ్లీ "చె..." అన్నారు. కోపం వచ్చి నుదురు కొట్టుకున్నారు. ఎస్తేరుకు ఆ మాట తెలియక కాదు. గుసగుసగానైనా అనొచ్చు. అనలేదు. కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. తల కూడా ఊపలేదు. ఎదురు బిల్డింగు మైకులో ఏదో లెక్క మొదలై పూర్తి కూడా అయింది. లోపలి నుంచి నాకే "చెంబు" అని అరవాలనిపించింది.

"చెంబు" అన్నారు సుబ్బారావు గారు.

"చెంబే సార్" అన్నది ఎస్తేరు.

పూర్తి గొంతుతో అన్నది. ఆమెకు ఆ సంగతి తెలియలేదు. సుబ్బారావు గారే కనిపెట్టి, ఎడమ చెయ్యి ఎత్తి ఆమె గొంతు వైపు చూపిస్తూ పెద్దగా నవ్వారు. ఎస్తేరు అప్పుడు చెయ్యి గొంతు మీద పెట్టుకుని నా వైపు తిరిగింది.

ఆ తర్వాతి వారం, ఈ పని నేను నేర్చుకోవచ్చా మేడం అని అడిగింది. నేను సంతోషించానని అనుకుంటారేమో, లేదు. ఒక మంచి సాయంత్రాన్ని చూసి ఉద్యోగం వదిలేసేవాళ్లంటే నాకు జంకు. మంచి సాయంత్రాలు ఏ పనిలోనైనా ఉంటాయి. ఆఫీసులో ఫోన్లు లేని సీటు ఏదైనా అడిగి తీసుకోమని, శనివారాలు నా దగ్గరికి రమ్మని చెప్పాను. డేవిడ్ ఒప్పుకోలేదు. ఇష్టమని పోతే ఇంటి కిరాయి ఎవరు కడతారని నన్నే నిలదీశాడు. అతను అడిగింది న్యాయమే. చివరికి ఎస్తేరు కాగితాలు సరిచూసే సీటుకు మారింది. జీతం తగ్గింది గానీ ఆగిపోలేదు.

శనివారాలు కావాలనే ఆమెకు కష్టమైన పేషెంట్లను అప్పగించాను. చొంగ తుడవాల్సినవాళ్లు, విసిగిపోయి చేతికందిందల్లా విసిరికొట్టేవాళ్లు, నెలలు గడిచినా ఒక్క మాట పెరగనివాళ్లు. వీళ్లలో ఒక్కరి దగ్గరైనా ఆమె వెనక్కి తగ్గుతుందేమోనని చూశాను. వర్షాకాలం పోయి చలికాలం వచ్చింది. ఒక శనివారం సాయంత్రం సుబ్బారావు గారి గిన్నెలు సంచీలో సర్దుతుంటే, విసుగు రావడం లేదా అని అడిగాను.

ఆమె చెంబు తుడిచి లోపల పెట్టిన తర్వాత, "వస్తది మేడం. మస్తు విసుగొస్తది. గని భయమైతలేదు" అన్నది.

ఆ మాటతో నేను ఒప్పుకున్నాను. ఆమె స్పీచ్ థెరపీ డిప్లొమాలో చేరింది. కిందా మీదా పడి పూర్తి చేసి, ఆ తర్వాతే ఉద్యోగం మానేసింది. పక్షవాతం పేషెంట్ల ఇళ్లకు వెళ్లి మాట సాధన చేయించడం మొదలుపెట్టింది. మొట్టమొదట ఆమె వెళ్లిన ఇల్లు సుబ్బారావు గారిదే. ఆయనకంటే అన్నపూర్ణమ్మ గారికే ఎక్కువ నేర్పాల్సి వచ్చిందని నవ్వుతూ చెప్పేది. ఆయన నోరు తెరవగానే ఎస్తేరు అన్నపూర్ణమ్మ గారి చెయ్యి తన చేతిలోకి తీసుకుని కూర్చునేదట, ఆమె మాట అందించకుండా.

నిరుడు సుబ్బారావు గారికి రెండోసారి పక్షవాతం వచ్చింది. కొన్ని వారాలు మంచంలో ఉండి కన్నుమూశారు. కార్యక్రమాలన్నీ అయ్యాక అన్నపూర్ణమ్మ గారు ఆ సంచీ తీసుకుని క్లినిక్‌కు వచ్చింది. వేరే పేషెంట్లకు పనికొస్తాయి, ఇవి ఇక్కడే ఉండనివ్వండి అన్నది. ఎస్తేరు కూడా అక్కడే ఉంది. అన్నపూర్ణమ్మ గారు సంచీలోంచి చెంబు తీసి, చెక్కిన పేరును బొటనవేలితో నిమురుతూ మాట్లాడింది.

"ఆఖర్న దీంతో నీళ్లు పడుతుంటే ఈ పేరు మీద వేలు పెట్టి ఏదో అనబోయారండీ. నీళ్లు చాలా, మందు కావాలా అని అందించబోయాను. ఈ పిల్ల నా చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. అన్నపూర్ణ అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో అదే మొదటిసారండీ. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఏదో ఓదార్పు మాట నా నోటిదాకా వచ్చింది. ఎస్తేరు మాత్రం ఏమీ అనకుండా ఆమె పక్కన కూర్చుని, ఆమె వైపు తిరిగి, ఆమె ఇంకేమైనా చెబుతుందేమోనని చూస్తూ ఉండిపోయింది. నేనూ నా మాట మింగేశాను.

ఉద్యోగం మారాలనుకునేవాళ్లు ఈ కేసు సంగతి విని నన్ను సలహా అడుగుతుంటారు. మీరు ఏ పని బాగా చేస్తారని నేను అడగను. ఎస్తేరు ఫోన్లు బాగా చేసేది, మిక్సీ కూడా గెలిచింది. ఏదంటే ఇష్టమనీ అడగను. ఆమెకు పాటలంటే ప్రాణం. ఏ పనిలో ఉండగా మీ సంగతి మీరు మరిచిపోయారని మాత్రం అడుగుతాను. వెంటనే జవాబు చెప్పినవాళ్లను ఇంకొన్నాళ్లు ఆగి రమ్మంటాను. ఎస్తేరును ఇప్పుడడిగినా, "చెంబే సార్" అన్న ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో గుర్తు లేదనే అంటుంది. సుబ్బారావు గారు చెయ్యెత్తి చూపించేదాకా ఆమెకు తెలియనే లేదు.