కల్దార్ అంగీలు

మొన్న ఎండలు ముదరక ముందు మా మనవరాలు పట్టుబట్టి నన్ను ఓడ ఎక్కించింది. చెన్నపట్నంలో ఎక్కితే శ్రీలంక రేవులు చూపించి మళ్ళీ చెన్నపట్నంలోనే దించే విహారపు ఓడ. లోపల లిఫ్టులు, ఈతకొలను, పొద్దస్తమానం తిండి. ఆ వైభవం నాకేమీ పట్టలేదు గానీ, రేవులో దిగే ముందు మైకులో చెప్పిన మాట ఒకటి మాత్రం ఒంటికి కారం రాసినట్టయింది. ఒడ్డున అందరూ డాలర్లు తీసుకుంటారట, అక్కడి పైసలు మార్చుకోవడం దండగట, ఎవరూ టైము పాడు చేసుకోవద్దట. చుట్టూ ఉన్నవాళ్ళంతా బుద్ధిగా తలలూపారు. నేను ఊపలేదు. దిగీ దిగగానే పైసలు మార్చే కిటికీ ఎక్కడుందో వెతికి, ఎండలో వరసలో నిలబడి, "అమ్మమ్మా, ప్లీజ్, అందరూ మనల్నే చూస్తున్నారు" అని మనవరాలు గునుస్తున్నా వినిపించుకోకుండా, ఆ దేశపు రూపాయలు చేతిలో పడ్డాకే బజారులో అడుగు పెట్టాను. అల్లిక గుడ్డలు అమ్మే ఆవిడ మమ్మల్ని చూడగానే వేళ్ళు చాపి డాలర్లలో ధర చెప్పింది. నేను వాళ్ళ నోటు తీసి చూపించాను. ఆవిడ ఫక్కున నవ్వి, చాపిన వేళ్ళు ముడిచేసి, వాళ్ళ లెక్కలో ఇంకో ధర చెప్పింది. మనవరాలు ఫోనులో లెక్క వేసి, అది తక్కువని చూసుకుని, డాలర్లు మళ్ళీ సంచిలో పెట్టేసింది. పరాయి గడ్డ మీద ఏ రూపాయి బయటికి తీయాలో నాకు మైకులో ఎవరూ చెప్పనక్కర లేదు. అది నేను తొమ్మిదేళ్ళ వయసులో వార్ధా నది అవతల నేర్చుకున్నాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పోలీసు చర్య అయిపోయి, నిజాం రాజ్యం హిందూస్తాన్‌లో కలిసి, జెండాలు మారిన తర్వాత కూడా కొన్నాళ్ళ దాకా మన చేతుల్లో ఆడింది చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయే. ఆదిలాబాద్ జిల్లా దాటి వార్ధా అవతలి చాందాలో కాలు పెడితే మాత్రం కల్దార్ కావాలి, అంటే ఇంగ్లీషు రాజు తలకాయ ఉన్న రూపాయి. సర్కారు లెక్క ప్రకారం ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. కానీ ఆ లెక్క సర్కారు ఖజానా గుమ్మం దాకానే. జాతర రోజుల్లో నది అవతల పైసలు మార్చే సరాఫు మన తలపాగా చూసి, మన యాస విని, ఏడుకు ఐదంటాడు, ఇష్టముంటే తీసుకో లేకపోతే నడువు అంటాడు. నిజాం గడ్డ వాళ్ళం కాబట్టి ఆ ఒడ్డు వాళ్ళు మమ్మల్ని మొగలాయి వాళ్ళనేవారు, మా పైసను మొగలాయి పైస అనేవారు, ఆ మాట అనేటప్పుడు మూతి ఒక పక్కకు తిప్పేవారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది ఆసిఫాబాద్. బాపు చలిజ్వరంతో పోయేనాటికి మేం ముగ్గురం పిల్లలం: నేను పెద్దదాన్ని, తర్వాత తమ్ముడు, ఇంకా మా అమ్మ చంక దిగని చెల్లెలు. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. అవ్వ సూదీ దారంతో వాడకట్టు ఆడవాళ్ళకు రవికెలు కుట్టి మమ్మల్ని సాకేది. చేతికుట్టుతో నాలుగు కడుపులు ఎంతకని నిండుతాయి? అది చూసి సుల్తానాబాద్ నుంచి మా పెద్ద మేనమామ వచ్చి, మమ్మల్ని పంచే ఏర్పాటు చేశాడు: నన్ను తన ఇంటికి, తమ్ముణ్ణి ధర్మపురిలో మేనత్త ఇంటికి, చంటిదాన్ని అవ్వ దగ్గర. మామ చెడ్డవాడు కాదు, ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారు. నాట్ల రోజుల్లో ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోవడానికి ఒక పిల్ల ఉంటే బాగుండునని మా అత్తకు ఎప్పటి నుంచో ఉండేదని మాత్రం నేను తర్వాత తెలుసుకున్నాను. అవ్వ ఏడవలేదు, బతిమాలలేదు. కుట్టు మిషను ఒకటుంటే ముగ్గురినీ నేనే సాకుతాను, చైత్రం దాకా ఆగు అంది. చైత్రంలో చాందా జాతర. ఆ లోపల మిషను కొనగలిగితే సరే, లేకపోతే జాతర నుంచి అటే నన్ను రైలెక్కించి తీసుకుపోతానని మామ గట్టిగా చెప్పాడు.

మిషను సంగతి కనుక్కొచ్చిందీ మామే. చాందాలో ఒక దర్జీ దుకాణంలో చేత్తో తిప్పే పాత మిషను ఉంది, డెబ్బై రూపాయలకు ఇస్తాడట అన్నాడు. ఏ రూపాయలు అని అడగాలని మామకు అక్కడ తోచలేదు, అవ్వకు ఇక్కడ తోచలేదు. నీళ్ళు తాగుతావా అంటే ఏ నీళ్ళని అడుగుతామా? మాకు రూపాయంటే హాలీయే. అవ్వ బాపు వెండి మొలతాడు అమ్మి, చలికాలమంతా కన్ను పొడుచుకుని కుట్టి, ఆ డెబ్బై జమ చేసింది. పాలివాళ్ళ బండి అడిగి తెచ్చి మామే తోలాడు. మా ఒడ్డున ఉన్న రాజూరా దాటి, మోకాలి బంటి నీళ్ళలో వార్ధాలోకి బండి దింపినప్పుడు, అవతలి గడ్డ మీద నుంచి డప్పులు వినిపిస్తుంటే నేనూ తమ్ముడూ బండిలో గంతులేశాం. నా బతుకు ఆ ఒడ్డున తేలబోతుందని నాకు తెలుసు, అయినా గంతులేశాను. పిల్లలకు జాతర జాతరే.

దుకాణంలో అవ్వ మూట విప్పి పెట్టింది. దుకాణదారు మరాఠీ మనిషి, మాసిన టోపీ, మెడలో కొలత పట్టీ. చార్మినార్ బొమ్మ చూడగానే వేలితో మూట వెనక్కి నెట్టాడు. "మొగలాయి పైసా ఇకడే చాలత్ నాహీ, బాయీ." మీ పైస ఇక్కడ చెల్లదు, నేను చెప్పింది కల్దార్ అన్నాడు. మామ ముఖం నల్లబడింది. సరాఫు దగ్గరికి పోతే ఏడుకు ఐదే అన్నాడు, అలా మారిస్తే మిషను ధరలో ఇరవై తక్కువ. మామ మీసం దువ్వుకుని, అవ్వను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు.

"తక్కువ పడ్డది నేనేస్త చెల్లె. పోరిని నాతోటి తోలు. మిషన్ వస్తది, పోరి సుత మంచిగ బతుకుతది. ఫికర్ జెయ్యకు."

అవ్వ ఒంటికాలి మీద లేచింది. "పోరి కోసమే గద అన్నా మిషన్ కొంటున్న! పోరినిచ్చి మిషన్ తెచ్చుకొని నేనేం గుట్టుకోవాలె? నీ పైస వద్దు, గా సరాఫోని లెక్కా వద్దు."

అని మళ్ళీ దుకాణంలోకి నడిచింది. వెనక మేం. ఆవిడకు మరాఠీ సగం వచ్చు, ఉర్దూ సగం వచ్చు, కోపం వస్తే మాత్రం అంతా తెలుగే.

"సేట్, రాజూరా అంగడికి పోతవా పోవా?"

పోతానన్నాడు, వారం వారం పోతాడట, బట్ట అమ్ముకోవడానికి.

"గాడ చిల్లర ఏం పైసల ఇస్తవు? గాడ చాయ ఏం పైసతోని తాగుతవు? మా గడ్డ మీద మా పైస నీకు ముద్దు, నీ గడ్డ మీద అంటు అయిందా?"

దుకాణదారు టోపీ తీసి బుర్ర గోక్కుని నవ్వాడు. దొరికిపోయిన మనిషి నవ్వు. సరే, నీ హాలీలు సర్కారు లెక్కన, ఏడుకు ఆరు చొప్పున తీసుకుంటా, మిగతా పది మాత్రం కల్దారే కావాలి, అందులో దమ్మిడీ తగ్గను అన్నాడు. తగ్గమని నేనెందుకు అడుగుతాను, మిషను అరుగు మీద పెట్టి జాతర అయ్యేదాకా నా చేతికియ్యి, నీ కల్దార్లు నీ ఊళ్ళోనే సంపాదించి నీకిస్తాను, లేకపోతే అప్పటిదాకా కుట్టి సంపాదించినదంతా నీదే, మిషనూ నీదే అంది అవ్వ. మామకు తల కొట్టేసినంత పనయింది. మొగుడు పోయిన ఆడది పరాయి ఊళ్ళో బజారు అరుగు మీద కూర్చుంటుందా అని గొణుక్కుంటూ, కండువా దులుపుకుని జాతరలోకి వెళ్ళిపోయాడు.

అవ్వ ధైర్యం గాలిలోంచి రాలేదు. నది ఒడ్డు నుంచి వచ్చేటప్పుడే ఆవిడ ఒకటి కనిపెట్టింది. నదికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉన్న మా తెలుగువాళ్ళకు ఒక మొక్కు ఉండేది: పుట్టువెంట్రుకలు తీయించిన బిడ్డకు, అమ్మవారి ముందు పెట్టిన బట్టతోనే అంగీ కుట్టించి తొడగాలి. కుట్టి అమ్మే అంగీ పనికిరాదు. ఆ బట్ట ఇంటికి తీసుకుపోయి కుట్టించేదాకా బోడిగుండు పిల్లలకు దాన్ని అలాగే చుట్టబెడితే అది జారిపోతూ, వాళ్ళు ఏడుస్తూ, తల్లులు విసుక్కుంటూ కనిపించారు. ఆ దుకాణదారుకు ఆ మొక్కు సంగతే తెలియదు, బట్ట ముక్కలు కోసి ఇచ్చి ఊరుకునేవాడు. అవ్వ అరుగు మీద కూర్చుని దారం ఎక్కించి, పోయే వచ్చే తల్లులను పేరంటానికి పిలిచినట్టు పిలవసాగింది. అంగీకి పావలా. కల్దార్ పావలా.

చాందా తెలుగువాళ్ళు వచ్చారు, వణీ నుంచి, నాగపూర్ నుంచి వచ్చిన వాళ్ళు వచ్చారు, అరుగు ముందు బోడిగుండ్లు వరస కట్టాయి. మా వాడకట్టు వదిన ఒకామె, మనవణ్ణి చంకనేసుకుని వచ్చి హాలీ పావలా తీసింది. అవ్వ తీసుకోలేదు. మనూరి పైస నీకు చేదయిందా అని ఆమె చేతులు తిప్పుతూ నలుగురూ వినేట్టు కేకలేసింది. అవ్వ తల ఎత్తకుండానే ఆ బట్ట లాక్కుని, అంగీ కుట్టి, పిల్లవాడికి తొడిగి చేతికిచ్చి, "హాలీ వద్దు వదినా, ఇంటికాడికి వచ్చినప్పుడు గిన్ని పెసర్లు పెట్టు" అంది. ఆమె మూడేళ్ళ దాకా ప్రతి పంటకూ పెసలు తెచ్చి పోసింది, తిట్టుకుంటూనే.

తిప్పీ తిప్పీ అవ్వ కుడిచేయి మోచేతి దాకా వాచిపోయింది. వేడి ఇటుక గుడ్డలో చుట్టి కాపుకుంటూనే కుట్టింది గానీ, చేయి లేవడం మానేసింది. ఇంకా పది పూర్తి కాలేదు, జాతర పలచబడుతోంది, మిఠాయి దుకాణాల వాళ్ళు తడికెలు విప్పుతున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు వచ్చాడు మామ. సుల్తానాబాద్ వాళ్ళెవరూ గుర్తు పట్టకుండా కండువా కళ్ళ దాకా చుట్టుకుని, అవ్వ పక్కన చతికిలబడి, మిషను పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. నాగలి పట్టిన చేయి కదా, గిర్రున తిప్పేవాడు. "జర మెల్లగ తిప్పన్నా, దారం తెగుతది! మోట తోలుతున్నవా ఏంది?" అని అవ్వ కసిరేది. అంత మీసమూ ఆ కసురు కింద అణిగిమణిగి ఉండేది. నేను కళ్ళు తుడుచుకుని నవ్వాను. మామను చూసి నవ్వడం అదే మొదలు.

పది పూర్తయ్యాయి. మీద కొంత మిగిలింది కూడా. దుకాణదారు తానే మిషను ఎత్తి బండిలో పెట్టి, ఒక నూనె డబ్బీ ఊరికే ఇవ్వబోతే, అవ్వ దానికీ ఒక కల్దార్ అణా అతని చేతిలో పెట్టింది. మొగలాయి వాళ్ళు ఊరికే తీసుకున్నారన్న మాట ఆ ఊళ్ళో మిగలకూడదు. ఆయనా మర్యాద తెలిసినవాడే, అణా కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

మా ఒడ్డున కరోడ్‌గిరి నాకా ఉండేది, అంటే సుంకాల వాళ్ళ చౌకీ. బయటి నుంచి తెచ్చిన సరుకు ఏదైనా అక్కడ చూపించి సుంకం కట్టాలి. నాకా మున్షీ బండిలోకి తొంగి చూసి, మిషను మీద కర్రతో టకటకలాడించి, సుంకం ఎంతో చెప్పాడు. అవ్వ మిగిలిన కల్దార్లలోంచి కట్టి, ఈ ఒడ్డున ఆరు కల్దార్లు ఏడు హాలీలవుతాయని గుర్తు చేసి, రావలసిన చిల్లర హాలీలో అడిగి మరీ తీసుకుంది. ముసలి మున్షీకి అది నచ్చలేదు. అవ్వను వదిలేసి మామ వైపు తిరిగి, "మాలిక్ కౌన్?" అన్నాడు. మామ అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపు అవ్వ బండిలో లేచి నిలబడింది, వాచిన చేయి మిషను మీద, రెండో చేయి నా జబ్బ మీద.

"మాలిక్ నేనే. మిషన్‌కు నేనే, గీ ముగ్గురు పోరగాండ్లకు నేనే. మా అన్న బండి తోలిండు, గంతే."

మామ తెరిచిన నోరు మూసుకుని, "అవు సాబ్, గంతే" అన్నాడు. తర్వాత దారి పొడుగునా ఎద్దులతోనే మాట్లాడుతూ వచ్చాడు. ఆసిఫాబాద్‌లో బండి ఆగాక నన్ను రెండు చేతులా ఎత్తి అవ్వ గడప లోపల దించి, సుల్తానాబాద్ మాట మళ్ళీ ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడా నాకా లేదు, మున్షీ లేడు. కల్దారూ పోయింది, హాలీ అసలే పోయింది. ఆ తర్వాత రాజూరా కూడా మనది కాకుండా అటువైపు వాళ్ళదయింది. ఈ కాలపు పిల్లలు ఏ రేవులో దిగినా కార్డు ఆనిస్తే పని జరిగిపోతుంది, ఏ ఆడపిల్లా ఏ సరాఫు ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కర లేదు. చాలా మంచి మాట, నేను కాదనను. పాతకాలమే బాగుండేదని అనేవాళ్ళ మీద నాకు జాలి తప్ప ఇంకేమీ లేదు. నా దిగులు వేరు. తమ్ముడు పోయాడు, మొన్నటేడు చెల్లెలు పోయింది. అవ్వ ఒక చేత్తో మిషను తిప్పుతూ రెండో చేత్తో మాకు జొన్నరొట్టె తుంచి పెట్టేదని చెబితే, అవును అక్కా అనేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బంధువుల ఇళ్ళల్లో, అత్తల ఇళ్ళల్లో, పిల్లల్ని ఎత్తుకుంటూ పెరిగిన నా ఈడు ఆడపిల్లలు ఎందరో నాకు తెలుసు. మేం ముగ్గురం మా ఇంట్లోనే పెరిగాం.