మా అత్త ముట్టనియ్యని నిమ్మచెట్టు

మా అత్త పోయిందని దవాఖాన నుంచి నా భార్య ఫోన్ చేసినప్పుడు నేను చేతిలో కత్తెరతో నిమ్మచెట్టు ముందు నిలబడి ఉన్నాను. బట్టలు తీసుకుపోదామని ఇంటికి వచ్చినవాణ్ణి, ఆమె దవాఖాన మంచంలో ఉంది కదా, ఇప్పుడెవరు చూస్తారులే అని రెండు కొమ్మలు కత్తిరించబోతున్నాను. సరిగ్గా అప్పుడే పోయింది. నాలుగేళ్లుగా ఆ చెట్టు మీద నా చెయ్యి పడనియ్యని మనిషి, ఆఖరికి అలా కూడా అడ్డం పడింది.

అత్త అంటే పిల్లనిచ్చిన అత్తే కాదు, మా నాయినకు సొంత చెల్లెలు. నేను లాగు తొడగని రోజుల నుంచి నన్ను ఎరుగును కాబట్టి, అల్లుడన్న మర్యాద ఏనాడూ పాటించలేదు. మోత్కూర్ దిక్కు బత్తాయి తోటల్లో కూలి చేసి చేసి ముసలిదైంది. మామ పోయాక నార్కట్‌పల్లిలోని మా ఇంటికి వచ్చింది. నేను బస్సు కండక్టర్‌గా రిటైరయ్యాను. బడిలో చదివింది ఐదో తరగతే అయినా, ప్రయాణికులు సీట్లలో వదిలేసిన పేపర్లు ముప్పై ఏళ్లు చదివాను. (వాటిలో ఆరోగ్యం పేజీ చదివి ఒకసారి మా డ్రైవర్‌కు లేని జబ్బు అంటగట్టాను. పాపం, నెల రోజులు ఎండు రొట్టెల మీద బతికాడు. ఆ కథ వేరే.) అందుకని చెట్ల సంగతి కూడా నాకు తెలుసనే అనుకున్నాను.

మా నిమ్మచెట్టుకు పాముపొడ పట్టింది. కంటికి ఆనీ ఆనని రెక్కల పురుగొకటి లేతాకు మీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆకు పొరల మధ్యకు దూరి తింటూ పోతుంటే, పైన పాము పాకినట్టు తెల్లటి గీతలు పడతాయి. ఆకు ముడుచుకుపోతుంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నేను ముడుచుకున్న కొమ్మలు కత్తిరించి, మందు కొట్టి, చెట్టు నీరసపడిందని పిడికెడు యూరియా వేసి, రెండు పూటలా నీళ్లు పెట్టేవాణ్ణి. పదిహేను రోజుల్లో నిగనిగలాడే కొత్త ఆకు వచ్చేది. ఇంకో వారానికి దాని మీదా గీతలే. పూత మాత్రం ఒక్కటీ లేదు.

మా అత్త బోర్లించిన బకెట్ మీద కూర్చుని, దారం కట్టిన కళ్లద్దాలు ఎక్కించి, ఆకును తిప్పి బొటనవేలి గోటితో నిమిరి చూసేది.

"అల్లుడా, నువ్వు చెట్టును సాదుతున్నవా, పురుగును సాదుతున్నవా?"

"మందు కొడుతున్న గదత్తా!"

"అది లోపల దుప్పటి గప్పుకొని పన్నది. నువ్వు పైకెల్లి తానం జేపిస్తున్నవ్. లేతాకు ఉంటెనే గద అది గుడ్డు వెట్టేది? నువ్వు నెలకోపాలి వండి వడ్డిస్తున్నవ్. ఎందుకు రాదు?"

"మరేం జెయ్యమంటవ్?"

"చేతులు జేబుల వెట్టుకో. గదే మందు."

గీతలు పడ్డ ఆకు కూడా చెట్టుకు ఎంతో కొంత తిండి పెడుతుందట, తెంపొద్దట. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పాలవాడి దగ్గర నుంచి కరెంటు బిల్లు పిల్లగాడి దాకా అందరికీ 'మా అల్లుడు పురుగులను పెంచుతున్నడు' అని చెప్పేది. ఒకసారి ఆమె పెళ్లికి పోయినప్పుడు చాటుగా యూరియా వేశాను. తిరిగొచ్చి, చేతి సంచి కింద పెట్టకముందే చిగుళ్లు చూసింది. "మల్ల వేసినవ్ గదరా!" అంది. అరవై దాటిన నన్ను 'రా' అని, నా మనుమరాలి ముందు!

మా గొడవకు నా భార్య విసిగిపోయింది. "ఈ వానకాలం పూత రాకుంటె చెట్టు కొట్టిపిచ్చి, గా జాగల నీళ్ల సంపు తవ్విపిస్త" అని తేల్చేసింది. మా అత్త ముఖం వాడిపోయింది. ఆ రోజు మొదటిసారి నన్ను బతిమాలింది. "ఒక్క ఎండకాలం దానికి నీళ్లు బంద్ వెట్టు బిడ్డా. తోటల గట్లనే ఎండవెడ్తం. వాన వడంగనే పూస్తది."

సరేనన్నాను. చాటుగా పోస్తూనే ఉన్నాను.

ఆ ఎండల్లోనే ఆమె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నెలన్నర దవాఖానలోనే అందరం. ఇంట్లో మోటర్ వేసే దిక్కు లేదు. మంచం మీద నుంచి రోజూ అడిగేది: "నీళ్లు పోస్తలేవు గద?" "లేదత్తా" అనేవాణ్ణి. ఆ ఒక్క విషయంలో ఆమెకు నేను చెప్పిన మొదటి నిజం అది. ఆమె నమ్మలేదు.

దినాలు కాకముందే వాన దంచి కొట్టింది. తర్వాత చాలా రోజులు మేమెవరం చెట్టు దిక్కు పోలేదు. మూడు వారాలకు, నా భార్య ముందే చెప్పి ఉంచిన మేస్త్రి వచ్చి సంపు కోసం చెట్టు చుట్టూ ముగ్గు పోశాడు.

"అమ్మా, చెట్టు కొట్టాల్నా?"

నా భార్య వచ్చి చూసింది. కొమ్మ కొమ్మకూ పూత. కొత్త ఆకుల్లో అక్కడక్కడా తెల్ల గీతలూ ఉన్నాయి. మేస్త్రి దిక్కు తిరిగింది.

"సంపు ఇంటెనక తవ్వు."

"ఎనక బండ ఉంటదమ్మా."

"బండైతె కొట్టు!"

నాకైతే కోపమే వచ్చింది. నాలుగేళ్లు కొట్లాడి గెలిచిన మనిషి గెలిచిన రోజున ఉండొద్దా? 'నువ్వు చెప్పిందే నిజమత్తా' అని ఒప్పుకోవడానికి ఎదురుగా మనిషి కావాలి కదా!

మేస్త్రి గొణుక్కుంటూ కాలితో ముగ్గు గీతలు చెరపసాగాడు. గాలికి నిమ్మపూలు జలజల రాలుతున్నాయి. ఆ మట్టిలో ఏది ముగ్గు పొడో, ఏది పూరేకో తెలియకుండా కలిసిపోయాయి.