తూర్పు తిరిగిన డోజరు

పాతికేళ్ళ వయసులో, చేతిలో ఒక సమ్మెట తప్ప ఇంకేం లేకుండా, ఒక పల్లె దారిని ఒక్క పూటలో మూసేసిన ఘనుడిని నేను. వానలకు కూడా మూతపడని దారి అది. ఎలా మూశానో చెబుతాను, మీరు నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరొక్కరే మొహమాటపడటం ఎందుకు?

తొంభైల నాటి మాట. పుంగనూరులో మా మేనమామ చెంగప్పకు ఒక పాత చైను డోజరు ఉండేది. టైర్లకు బదులు రెండు పక్కలా ఇనుప చైన్ల మీద పాకే ట్రాక్టరన్నమాట. కుప్పం దగ్గర గ్రానైటు క్వారీలో ఏళ్ళ తరబడి చాకిరీ చేసి, ఇక నావల్ల కాదన్నాక మామ చేతికి వచ్చింది. దాంతో మామ రైతుల పొలాలు చదును చేయించేవాడు. నేను డ్రైవర్ని. డ్రైవర్నే గానీ మెకానిక్కును కాదు. ఈ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

సదుం దగ్గర ఒక పల్లెలో పని జరుగుతుండగా ఎడమ చైను మాటిమాటికీ చక్రాల మీంచి జారిపోవడం మొదలుపెట్టింది. మూడోసారి జారాక మామ తల పట్టుకున్నాడు.

"ఒరే రెడ్డెప్పా, నేను కుప్పం పొయ్యి మునస్వామి మేస్త్రీని పిల్సుకోనొస్తా. ఎల్లుండి మద్యాన్నానికంతా ఈడుంటాం. అంతవరకు నువ్వు దాని మీద చెయ్యి బెట్టద్దు. గమ్మునుండు."

"సరే మామా," అన్నాను.

అన్నాను గానీ, గమ్మునుండటం నాకు పుట్టుకతోనే రాదు. మేస్త్రీ వచ్చేసరికి చైన్లు ఊడదీసి పక్కన పరిచి పెడితే, "అబ్బా, మా రెడ్డెప్ప పనిమంతుడప్పా!" అని మామ పుంగనూరంతా చెప్పుకుంటాడని నా ఆశ. క్వారీలో ఇలాంటి పని ఒకసారి చూశాను కూడా. దూరం నుంచి, టీ తాగుతూ.

మర్నాడు పొద్దున్నే పనిలోకి దిగాను. డోజరు దారి పక్కన దక్షిణం వైపు తిరిగి ఉంది. ఇక్కడొచ్చింది చిక్కు. మా ఇంట్లో ఏ పనైనా తూర్పు తిరిగే మొదలుపెట్టాలి. పొయ్యి వెలిగించినా, పుస్తకం తెరిచినా, కొత్త చొక్కా తొడుక్కున్నా తూర్పే. అలాంటిది అంత పెద్ద యంత్రాన్ని యముడి దిక్కుకు పెట్టి విప్పుతామా? స్టార్టు చేసి, చైను జారకుండా బుజ్జగిస్తూ, నెమ్మదిగా తూర్పుకు తిప్పాను.

ఆ దారి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. రెండు వైపులా రాతి గోడలు. డోజరు ముందరి బ్లేడు ఒక గోడకూ, వెనక భాగం ఇంకో గోడకూ దాదాపు ఆనుకుని, దారికి సరిగ్గా అడ్డంగా నిలిచింది. నాకు మాత్రం తూర్పు ఒక్కటే కనిపించింది. కర్పూరం వెలిగించి దండం పెట్టుకున్నాను. అంతకు గంట ముందే ఒక ఖాళీ లారీ ఆ దారినే టమోటా తోటల్లోకి వెళ్ళింది. చెయ్యూపి పంపింది నేనే. లోపలికి పోయిన లారీ బయటికి కూడా వస్తుందని, నిజం చెప్తున్నాను, నాకు తట్టలేదు.

ఇద్దరు కూలీల సాయంతో డోజరును జాకీలతో లేపి, కింద రాతి దిమ్మలు పెట్టాను. చైను లింకులను కలిపే పిన్నుల్లో ఊడదీయడానికి వీలుగా చేసింది ఒక్కటే ఉంటుంది. దాన్ని మాస్టర్ పిన్ను అంటారు. దాని తలమీద ఒక గుర్తు ఉంటుంది. ఉండేది! మొన్నటి ఆయుధపూజకు చైనంతటికీ రంగు దట్టంగా పులిమిన భక్తుణ్ణి కూడా నేనే. గంటసేపు గీకితే గుర్తు బయటపడింది. సమ్మెట తీసుకుని బాదాను చూడండి, ఊళ్ళో కుక్కలన్నీ పక్క ఊరికి పోయాయి. ఎడమ చైను ఊడింది. కుడిది చిన్నబుచ్చుకున్నట్టు కనిపించింది. దాన్నీ ఊడదీశాను.

మూడు గంటలకల్లా రెండు చైన్లనూ ఎద్దులతో అవతలకు లాగించాను. దిమ్మల మీద డోజరు పీటల మీది పెళ్ళికొడుకులా కూర్చుంది. నేను మీసం దువ్వుకుంటుండగా వెనకాల హారను మోగింది.

నిండా టమోటా బాక్సులతో లారీ! ముందు సీట్లోంచి తోట యజమానురాలు నాగరత్నమ్మ దిగింది. ఒంటిచేత్తో సేద్యం చేసే మనిషి. ఆమె గొంతుకు హారను అవసరం లేదు.

"ఏమప్పా, బండి పక్కకు తియ్యి."

"తీసేదానికి కాదమ్మా. చైన్లు లేవు."

"యాడికి పోయినాయి?"

"అదో, ఆడుండాయి."

"మల్లా తగిలించు."

"తగిలించాలంటే మేస్త్రీ రావల్లమ్మా."

"ఊడబెరికేదానికి అక్కర్లేకపోయనే మేస్త్రీ?"

నేను సమ్మెటను మెల్లగా వీపు వెనక్కి దాచుకున్నాను.

"యాల అడ్డంగా పెట్టినావు? పొడుగునా పెట్టింటే లారీ పక్కన పోయ్యుండు గదా!"

"తూర్పుకు పెడితే మంచిదని..."

"ఎవురికి మంచిది?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గింది. "పోయిన కాపంతా వానకు కుళ్ళిపాయ నాయనా. ఈ మొదటి కోత మీదే ఆశ పెట్టుకోనుండా. తెల్లారేసరికి మదనపల్లి మార్కెట్టులో లేకపోతే పండు మెత్తబడిపోతాది. ఎవురూ ముట్టుకోరు."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. అలా అనేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. పిన్ను మళ్ళీ దిగ్గొడదామని ఎగబడ్డాను. నా దెబ్బలకు దాని కొన పుట్టగొడుగులా పూసి ఉంది, రంధ్రంలో దూరితే ఒట్టు.

"అమ్మా, బాక్సులు నేను మోస్తా," అన్నాను.

కూలీలు పరుగెత్తి రోడ్డు మీద పోయే ఒక ఖాళీ లారీని ఆపి, డోజరు అవతలి పక్కకు తెచ్చారు. మూడొందల పైచిలుకు బాక్సులు. ఒకడు ఇవతల నుంచి అందిస్తే, నేను డోజరు మీదికెక్కి, సీటు దాటి, అవతల దిగి లారీకి చేర్చాలి. నాగరత్నమ్మ గోడ మీద కూర్చుని, "నలపద్దు నాయనా! బిన్నా, బిన్నా!" అని తరుముతూనే ఉంది. నడిరాత్రి వేళకు చివరి బాక్సు దాటింది. లారీ కదిలాక నా నడుం నాది కాదు.

మర్నాడు మధ్యాహ్నం మామ, మేస్త్రీ వచ్చారు. మదనపల్లి నుంచి నాగరత్నమ్మ కూడా అప్పుడే తిరిగొచ్చింది. సరుకు వేళకు అందిందట, ముఖం వెలిగిపోతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రీ డోజరు చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు.

"చైన్లు యాల ఊడబెరికినావప్పా?"

"ఎడమది జారిపోతాండాది గదా మేస్త్రీ."

ఆయన ముందు చక్రం దగ్గర ఒక పెద్ద నట్టు చూపించాడు. "లూజయి జారింది. దీన్ని బిగిస్తే చైను టైటయిపోతాది. పది నిమిషాల పని."

మామ అక్కడే నేల మీద కూలబడ్డాడు. "ఇప్పుడు ఎన్ని దినాలు పడతాది మేస్త్రీ?"

"కొత్త పిన్నులు చేయించల్ల గదా. వారం."

నేను నాగరత్నమ్మ వైపు చూడలేదు. ఆమే దగ్గరికొచ్చి భుజం తట్టింది.

"మేస్త్రీ పని నీకు రాదు గానీ నాయనా, బాక్సులు మోసేది బాగా వస్తాది. నాలుగు దినాల్లో రెండో కోత ఉండాది. పొద్దున్నే వచ్చెయ్."

వెళ్ళాను. మోశాను, మళ్ళీ ఆ డోజరు మీదుగానే. అవీ మూడొందల పైచిలుకే.

ఆ వారం చివర, మామ ఎదుట, మేస్త్రీ సాక్షిగా, నొప్పి మందు పూసిన నడుం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: బతికుండగా మళ్ళీ సమ్మెట పట్టను. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. మా ఇంట్లో క్యాలెండరుకు మేకు కొట్టాలన్నా మా ఆవిడే కొడుతుంది.