నోలీన్ మంచం కింద చిల్లు

లిండిస్ కనుమ దిగుతుంటే, మలుపులో ఆగిపోయిన, ఇల్లుగా మార్చుకున్న పాత బస్సొకటి కనిపించింది ఆల్వీ పాస్కోకి. జులై నెలంటే ఆ దక్షిణపు దేశంలో నడి చలికాలం, పొద్దున తొమ్మిదైనా గడ్డి మీద మంచు కరగలేదు. బస్సు ముందు ఒక ముసలాయన ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని ఇంజన్ని తిడుతున్నాడు.

ఆల్వీ తను కాపురముండే బస్సు పక్కకి ఆపి దిగాడు. ముప్ఫయ్యేళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలకి లారీ తోలినవాడు, ఆగిన బండిని చూసి దాటిపోలేడు.

"డీజిలెక్కడ పట్టావయ్యా పెద్దమనిషీ?"

"పై దీవిలో, లెవిన్లో, ఇటు పడవెక్కే ముందు. రెండు టాంకులూ నింపా."

"మునిగావు పో. ఉత్తరాది డీజిలు ఇక్కడి చలికి నెయ్యిలా పేరుకుంటుంది. ఫిల్టరు మీద గుడ్డ చుట్టి వేణ్ణీళ్ళు పోద్దాం. నీళ్ళు కాచుకురా."

"పొయ్యి ఖాళీ లేదు," అన్నాడు ముసలాయన, క్లారీ. "మా ఆవిడ చలికాచుకుంటోంది."

లోపలికెళ్ళి చూస్తే నిజమే. రెండు దుప్పట్లలో నోలీన్, ఎదురుగా గ్యాసు మంట. అద్దాల మీదుగా నీళ్ళు ధారలు కడుతున్నాయి. గాలి కన్నాల్లో తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి. ఆవిడ దగ్గు విని ఆల్వీ కిటికీ తెరిచాడు.

"చలి లోపలికొస్తుందయ్యా!" క్లారీ అరిచాడు.

"ఊపిరి కూడా వస్తుంది. మంట మీ గాలి తాగి, పొగా తడీ మీకే వదుల్తోంది. వేరే హీటరు లేదా?"

నోలీన్ సీటు కింద చూపించింది. కూతురు పంపిన డీజిలు హీటరు, విప్పని పెట్టెలో ఉంది. "నేలకి చిల్లు పెట్టాలట. మా ఆయన నన్ను కాదు, నేలనే కట్టుకోవలసింది."

క్లారీ వడ్రంగి. ఆ నేల రీమూ చెక్క, ఇప్పుడు దొరకని అడవి కలప. నోలీన్ పాఠాలు చెప్పిన పల్లె బడిని కూలగొడుతుంటే, పలక పలకా ఊడదీసి తెచ్చి తనే పరిచాడు. బండి మీద బతికేవాళ్ళకి కాలి కింది జానెడు నేల మీదే మమకారమంతా.

వేణ్ణీళ్ళకి ఇంజను కదిలింది. కింద ఊళ్ళో బంకు దగ్గర పాత డీజిలు తోడేసి చలికాలపుది పట్టారు. ఇక ఆల్వీ తనదారిన పోవచ్చు, పోలేదు. ఆ పెట్టె విప్పి కూర్చున్నాడు.

"దీనికి గాలి బయటిదే, పొగా బయటికే. లోపలికొచ్చేది ఒట్టి వేడి."

"గోడకి తగిలించే గ్యాసుది చాలు," అన్నాడు క్లారీ మొండిగా. "పాత బండికి ఇన్ని హంగులెందుకు?"

"నేనూ అదే అన్నాను." ఆల్వీ గొట్టం తుడుస్తూ తల ఎత్తలేదు. "మా ఆవిడ థెల్మా ఎనిమిది చలికాలాలు, పొద్దున్నే అద్దాలు తుడిచి బకెట్లో పిండేది. అలవాటైపోయిందిలే అనేది. ఇల్లు దేంతో వెచ్చచేస్తున్నారని డాక్టరు అడిగేదాకా నా బుర్రకి ఎక్కలేదు."

"ఆ తర్వాత?" నోలీన్ మెల్లిగా అడిగింది.

"ఇలాంటిదే బిగించా. రెండు చలికాలాలే పొడిగా పడుకుంది, పోయేముందు."



"క్లారీ," అంది నోలీన్, "ఆ పలకల మీద బడిలో పందొమ్మిదేళ్ళు నడిచాను. చాలు. కోసెయ్యి."

ఆల్వీ డ్రిల్లు అందుకోబోతే క్లారీ లాక్కున్నాడు. "నా నేల. నేనే కోస్తా." మంచం కింద దూరి, చెక్కని ఒకసారి అరచేత్తో నిమిరి, బిళ్ళలా గుండ్రంగా కోశాడు. పొగ గొట్టాన్ని తలుపుకీ కిటికీలకీ దూరంగా తిప్పడం ఆల్వీ పని. సాయంత్రానికి హీటరు గుర్రుమంది, చక్రం అంచున కాస్త తెల్లపొగ లేచి పలచబడింది.

నోలీన్ ఒక కాలి మేజోడు విప్పి, పాదం వేడి గాలికి పెట్టింది. దగ్గు రాలేదు. కళ్ళు మూసుకుని చిన్నపిల్లలా నవ్వుకుంది.

"ఏవయ్యా, టీ తాగి..." అంటూ క్లారీ మంచం కిందనించి బయటికొచ్చాడు.

ఇందాకటిదాకా గుమ్మంలో నిలబడి ఆ పాదాన్నే చూసిన ఆల్వీ అప్పటికే పనిముట్ల పెట్టె ఎత్తుకుని, గడ్డకడుతున్న గడ్డి మీద తన బస్సు వైపు నడుస్తున్నాడు.