అద్దింటి పెరట్లో బీరపాదులు

రథసప్తమి వెళ్ళిన మర్నాడు చిక్కుడు పందిరి పీకేసి, గడ్డపలుగు పుచ్చుకుని బీరపాదులకు పెరడు తవ్వుతుంటే, మా అబ్బాయి వచ్చి చేతిలో పలుగు లాక్కోబోయాడు. నరసరావుపేటలో మా ఈ సొంతిల్లు అబ్బాయీ కోడలూ అపార్టుమెంటు కట్టేవాళ్ళకు ఇచ్చేశారు లెండి, ఉగాది దాటాక పడగొడతారట, కాయ కోసేదాకా ఉండని ఇంట్లో పాదులెందుకమ్మా అని వాడి బాధ. వాడు చెప్పినదాంట్లో తప్పు లేదు, అయినా నాకు ఒళ్ళు మండింది. మీలో అద్దె ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు నా మంట తెలుస్తుంది.

మా నాన్నకు మాచర్లలో పత్తి జిన్నింగు మిల్లులో పని దొరికి మా ఊరు మాచవరం వదిలి వచ్చినప్పుడు, మేం దిగిన వాటా ఇంటికి పెరడైతే ఉంది గానీ దాన్నిండా నాపరాళ్ళు పరిచి ఉన్నాయి, పల్నాడులో రాయికి కొదవేముంది కనుక. చేలో పుట్టి చేలో పెరిగిన మా అమ్మ మాఘమాసం దాకా ఎలాగో ఓర్చుకుని, ఒక పొద్దున నాన్న మిల్లుకు వెళ్ళగానే బావి పక్కన నాలుగు రాళ్ళు పలుగుతో లేపి గోడకు ఆనించింది. అడుగున మట్టి ఎండ మొహం చూడక బిగుసుకుపోయి ఉంది. దాన్ని గుల్లగా తవ్వి, గడ్డలు చేత్తో చిదిపి, పక్కింటివాళ్ళ పశువుల ఎరువు తెచ్చి కలిపింది.

ఇంటి ఓనరు, మేం మావయ్యా అని పిలిచేవాళ్ళం, అది చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. రాళ్ళు ఎక్కడివక్కడ పెడతారా, ఇల్లు ఖాళీ చేస్తారా అన్నాడు. మా నాన్న నెమ్మదస్తుడు, సాయంత్రం వచ్చి రాళ్ళు పరిచేవాడు. తెల్లారి అమ్మ మళ్ళీ లేపేది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాటైనా అనుకోకుండానే కొన్నాళ్ళు ఈ తంతు నడిచింది. చివరికి నాన్నే బతిమాలాడు, పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోతామే అని. అమ్మ గొంతు పెంచలేదు.

"రాళ్ళు ఆయనయి, తీసుకుపొమ్మను. మట్టిని నేనేం ఎత్తుకుపోను గదా," అంది.

ఖాళీ చెయ్యక తప్పలేదు. మాకు దొరికిన కొత్త చోట పెరడే లేదు, ఒక్కటే గది. సామాను రిక్షా ఎక్కిస్తుంటే అమ్మ కనపడలేదు, వెళ్ళి చూస్తే పెరట్లో గొంతుక్కూర్చుని, ముందు రోజే నానేసుకున్న బీరగింజలు పాదుల్లో గుచ్చుతోంది. నాన్నకు ఎన్నడూ రాని కోపం వచ్చింది.

"ఎవరు తింటారని పెడుతున్నావే ఇయ్యి?"

"ఎవరు తింటే ఏంది? పాదు చేసి గింజ పెట్టకుండా పోతే అది పాదు కాదు, గొయ్యి," అని, చెంబుతో నీళ్ళు పోసి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి రిక్షా ఎక్కింది. ఆ కాయలు ఎవరు కోసుకున్నారో మాకు తెలియదు. అమ్మ ఎవరినీ అడగనూ లేదు.

ఆ రోజుల్లో పాదు తవ్వితే ఇల్లు పోయింది, నిజమే. కానీ కాదనడానికైనా ఒక మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు నాతో ఎవరూ పోట్లాడరు. అబ్బాయి జాలిపడతాడు, కోడలేమో కొత్త ఫ్లాటు బాల్కనీలోకి సంచుల్లో మట్టి ఫోన్లో తెప్పిస్తానంటుంది, కాళ్ళ కింద ఇంత నేల ఉంచుకుని మట్టి కొనుక్కోవడమేమిటో నాకైతే తలకెక్కదు. ప్లాను పట్టుకొచ్చిన ఇంజనీరు ఈ పెరడున్న చోట కార్లు పెడతారండీ అని నవ్వుతూ చెప్పి పోయాడు. మా ఓనరు మావయ్యలా అరిచేవాడు ఒక్కడున్నా బాగుండుననిపిస్తుంది, మట్టికి అంత విలువైనా ఉండేది.

పలుగు నేను ఇవ్వలేదు. పాదులు చేశాను, గింజలు పెట్టాను, రెండు పూటలా నీళ్ళు పోస్తున్నాను. ఇల్లు పడగొట్టే పొక్లెయిను వచ్చేనాటికి తీగ పందిరెక్కి పూత మీద ఉంటుంది, దాని మీదికి బండి తోలేవాడు ముందు నా మొహంలోకి చూసి తోలాలి.